ఈల టీచరు, అరంగుళం లేని మాత్ర

ఆ బడిలో ఆటల టీచరుకి సొంత పేరొకటి ఉందన్న సంగతి హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. పిల్లలు ఈల టీచరు అనేవారు. పోనుపోను తోటి టీచర్లకీ అదే నోటికొచ్చేసింది. నలభై ఏడేళ్ళ మనిషి. వెనకనుంచి చూస్తే పదో తరగతి పిల్ల అనుకునేవారు. మెడలో ఈల, చేతిలో స్టాప్‌వాచీ, కాళ్ళకి అరిగిన బూట్లు. కూర్చోమంటే ప్రాణం మీదికొచ్చినట్టుండేది ఆమెకి. నిలబడి టీ తాగేది, నడుస్తూ పేపరు చదివేది, ఫోను మాట్లాడుతుంటే వరండా ఈ చివరినుంచి ఆ చివరిదాకా నాలుగుసార్లు తిరిగొచ్చేది.

ఆ ఏడు బడివాళ్ళు టీచర్లందరికీ రక్తపరీక్షలు చేయించారు. రిపోర్టులు ఒక శుక్రవారం భోజనాల వేళకి వచ్చాయి. లెక్కల టీచరు బొద్దుగా ఉంటుంది, రెండో అంతస్తుకి ఎక్కాలంటే మధ్యలో రెండుచోట్ల ఆగి గోడమీది బొమ్మలు చూస్తున్నట్టు నటిస్తుంది. ఆమె తన కాగితం భయంభయంగా విప్పి, అన్నీ సరిగ్గా ఉన్నాయని చూసి, హమ్మయ్య అనుకుని, పక్కనే నిలబడ్డ ఈల టీచరు కాగితంలోకి తొంగి చూసింది.

"కొలెస్ట్రాల్ మూడు వందల ఒకటా? అయ్యయ్యో, ఇది నాది కాబోలు! కాగితాలు తారుమారు చేసినట్టున్నారు."

అందరూ ఘొల్లున నవ్వారు. ఈల టీచరూ నవ్వింది. తారుమారే అయుంటుందని ఆమె కూడా గట్టిగా నమ్మింది. శనివారం పొద్దున్నే ల్యాబుకి వెళ్ళి, సూదిమీద నుంచి చూపు తిప్పకుండా, మళ్ళీ రక్తమిచ్చింది. సాయంత్రానికి రెండు వందల తొంభై ఎనిమిదని వచ్చింది. అందులో చెడ్డ కొలెస్ట్రాల్ ఒక్కటే రెండు వందల పద్దెనిమిది.

సోమవారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆ డాక్టరమ్మ ఒకప్పుడు ఇదే బడిలో చదువుకుంది. కడుపునొప్పి అని ఇంట్లోవాళ్ళ చేత ఉత్తరాలు రాయించుకొచ్చి ఆటల పీరియడ్లు ఎగ్గొట్టిన పిల్లల్లో ఆమెదే పైచెయ్యి. ఇప్పుడామె కుర్చీలో, ఈల టీచరు ఎదురుగా.

"టీచర్, దీనికి మందు మొదలుపెడదాం. రోజుకి ఒక్క మాత్ర."

"నాకా? నాకు మాత్ర ఏమిటమ్మాయ్? రోజూ ఆరు కిలోమీటర్లు పరిగెత్తుతాను. సిగరెట్టు లేదు, ఇంకోటి లేదు. నా బరువెంతో తెలుసా?"

"తెలుసు టీచర్, ఇందాకే చూశాం."

"మరి?"

"బరువుకీ దీనికీ ఎప్పుడూ లంకె ఉండాలని లేదు. కొందరికి ఒంట్లోనే ఎక్కువ తయారవుతుంది."

ఈ మాట ఈల టీచరు చెవికెక్కలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆమె పిల్లలకి చెప్పే పాఠం ఒక్కటే: ఒళ్ళు వంచితే ఒళ్ళు మాట వింటుంది. అలాంటిది, ఎగ్గొట్టిన పిల్లొచ్చి ఇప్పుడు నీ ఒళ్ళు నీ మాట వినడం లేదంటే ఎలా ఒప్పుకుంటుంది?

"మూడు నెలలు టైమివ్వు. నేను దించి చూపిస్తాను. అప్పటికీ దిగకపోతే నీ మాత్ర సంగతి చూద్దాం."

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆలోచించి సరేనంది. కానీ లేచి వెళ్ళబోతుంటే అడిగింది. "మీ అమ్మగారూ నాన్నగారూ ఎలా ఉన్నారు?"

"నాన్న బాగానే ఉన్నాడు, ఎనభై దాటాయి. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నీరసంతో."

"నీరసంతోనా?"

"అలాగే చెప్పారు మరి," అంటూనే ఈల టీచరు గుమ్మం దాటేసింది.

ఆ మూడు నెలలూ ఇంట్లో యుద్ధమే. నూనె సీసా అటకెక్కింది. వెన్న గడప తొక్కలేదు. గుడ్డులో పసుపు సొన కనబడితే దొంగని చూసినట్టు చూసేది. ఓట్స్ ఒక పూట, ఉడికించిన కూరలు ఒక పూట, లెక్కపెట్టిన బాదం గింజలు. భర్త కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు, నెమ్మదస్తుడు, పెట్టింది తినిపోయే రకం. ఆయన కూడా మూడో వారానికి పళ్ళెం వంక చూసి నిట్టూర్చాడు.

"నాకే జబ్బూ లేదు కదోయ్. నాకు కూడా ఈ శిక్ష ఎందుకు?"

"ఇంట్లో ఉంటే నా చెయ్యి ఊరుకోదు. అందుకని."

ఆరు కిలోమీటర్ల పరుగు తొమ్మిదైంది. తెల్లారకముందే లేచి వెళ్ళిపోయేది. పరిగెత్తుతున్నంతసేపూ మనసుకి కాస్త నెమ్మది. ఆగితే మళ్ళీ మొదలు, లోపలేదో పేరుకుంటున్నట్టు, పైపుల్లో పాచి పట్టినట్టు. పాఠాల మధ్య ఖాళీల్లో ఫోనులో చదివేది. ఒకచోట కొలెస్ట్రాల్ అంతా మందుల కంపెనీల కల్పన అని ఉండేది. ఇంకోచోట ఆ మాత్ర వేసుకుంటే మతిమరుపు వస్తుందని, కండలు కరిగిపోతాయని ఉండేది. మరోచోట మాత్ర మానేసి పోయినవాళ్ళ సంగతి ఉండేది. అన్నీ చదివేది. ఏదీ సగం కూడా నమ్మేది కాదు, ఏదీ మరిచిపోయేదీ కాదు. రాసిన ప్రతివాడికీ అంత ధీమా ఎక్కడినుంచి వచ్చిందా అని చిర్రెత్తుకొచ్చేది.

ఈలోగా అక్క వచ్చింది. అక్కకి కుట్టుషాపుంది, ఆమెకన్నా అయిదేళ్ళు పెద్ద, బరువులో రెట్టింపు. చెల్లెలి పోరు పడలేక తనూ పరీక్ష చేయించుకుని ఆ కాగితం విసనకర్రలా ఊపుకుంటూ వచ్చింది.

"నూట డెబ్భై! నీ మొహం! నాకూ ఏమైనా ఉంటుందేమోనని భయపెట్టావు కదే! ఏదీ, ఆ బిస్కెట్ల డబ్బా ఎక్కడ దాచావ్?"

"ఇంట్లో బిస్కెట్లు లేవు."

"బిస్కెట్లు లేని ఇల్లొక ఇల్లేనా? ఒసేయ్, నీకేదో అయింది గానీ అది కొలెస్ట్రాల్ కాదు," అని అక్క పకపకా నవ్వింది. ఈల టీచరుకి ఆ పూట అక్కమీద ఎంత ఒళ్ళుమండిందంటే, తలుపు దాకా సాగనంపడం కూడా మరిచిపోయింది. ఒకే కడుపున పుట్టినవాళ్ళం, దీనికి లేనిది నాకెందుకు రావాలి? ఆ ప్రశ్న ఆమెని మైదానంలో కూడా వదల్లేదు. ఒకరోజు పరుగుపందెం పెట్టి స్టాప్‌వాచీ నొక్కడమే మరిచిపోయింది. పిల్లలు రొప్పుకుంటూ వచ్చి చుట్టూ మూగి, "ఎంత టీచర్, ఎంత?" అంటే, అందరినీ మళ్ళీ మొదటినుంచి పరిగెత్తించింది.

మూడు నెలలు గడిచాయి. చెడ్డ కొలెస్ట్రాల్ రెండు వందల పద్దెనిమిది నుంచి రెండు వందల ఒకటికి దిగింది.

"మంచి ప్రయత్నం టీచర్," అంది డాక్టరమ్మ. వెటకారమేమీ లేదు ఆ గొంతులో. "ఇంతకన్నా ఎవరూ చెయ్యలేరు. మీరు చెయ్యగలిగింది మీరు చేసేశారు. మిగతాది మీ చేతుల్లో లేనిది."

"నా చేతుల్లో లేనిది అనకు. ఇంకో మూడు నెలలు..."

"మీ అమ్మగారు ఎన్నో ఏట పోయారు టీచర్?"

"యాభై ఒకటి."

"ఆవిడ తరఫువాళ్ళెవరైనా ఉన్నారా? ఒక్కసారి కనుక్కోండి. చాలా పనికొస్తుంది."

మేనమామ ఉన్నాడు. బస్సు మీద వెళ్తే నలభై నిమిషాలు. రేడియోలూ టీవీలూ బాగుచేసి బతికినవాడు, ఇప్పుడు డెబ్భై రెండేళ్ళు. ఆదివారం మధ్యాహ్నం ఈల టీచరు వెళ్ళేసరికి ఆయన బల్లమీద ఒక పాత రేడియో పొట్ట విప్పి పెట్టుకుని కూర్చున్నాడు. విషయం చెప్పింది. ఆయన చేతిలో స్క్రూడ్రైవరు కిందపెట్టి లేచాడు. అలమర తెరిచి వారం రోజుల గళ్ళున్న మందుల డబ్బా తెచ్చి ఆమె ముందుంచాడు.

"నేనెలా బతికి ఉన్నాననుకున్నావే? నలభై ఎనిమిదో ఏట నా గుండెలో రెండు స్టెంట్లు వేశారు. అప్పటినుంచీ ఈ మాత్ర వేసుకుంటున్నాను. ఇరవై నాలుగేళ్ళు."

"ఎవ్వరికీ చెప్పలేదేం మామయ్యా?"

"ఏం చెప్పమంటావ్? అప్పుడు నీ అత్తకి కొత్తగా ఉద్యోగం, పిల్లలు చిన్నవాళ్ళు, గుండె జబ్బు మనిషంటే షాపుకి పని వచ్చేదా? ఏదో కిడ్నీలో రాయని చెప్పుకున్నాం."

"మరి అమ్మ?"

మామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు. "పోయేముందు వారం దవడ నొప్పి అంది అక్క. నడిస్తే లాగేస్తోంది, కూర్చుంటే తగ్గుతోంది అంది. నేనే పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఏదో పన్ను పుచ్చిందని పీకాడు. పీకాక కూడా నొప్పి పోలేదు. నాలుగో రోజు పోయింది. తర్వాత చాన్నాళ్ళకి, నాకు స్టెంట్లు వేసిన డాక్టరుకి ఈ సంగతి చెబితే, ఆ పెద్దమనిషి తల పట్టుకున్నాడు. అది పంటి నొప్పి కాదే పిల్లా."

ఈల టీచరుకి అప్పుడు పదహారేళ్ళు. అమ్మ చివరి రోజుల్లో నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఆమెకి బాగా గుర్తు. పన్ను ఊడిందని సిగ్గుపడుతోందనే అనుకుంది ఇన్నాళ్ళూ. తిరిగొచ్చేటప్పుడు బస్సు దిగాల్సిన చోటు దాటిపోయి ఎంతో దూరం వెళ్ళాక గానీ తెలియలేదు. వెనక్కి నడిచింది. నడుస్తూ వేళ్ళమీద లెక్కపెట్టింది. తాతయ్య ప్రెస్సులో మిషను ముందు కూలబడ్డప్పుడు ఆయనకి యాభై మూడు. పొగ పీల్చడం వల్ల అన్నారు. అమ్మకి నీరసం అన్నారు. మామయ్యకి కిడ్నీలో రాయి. ఒక్కొక్కళ్ళకీ ఒక్కో కథ కట్టారు. తనకి ఇప్పుడు నలభై ఏడు.

మర్నాడే డాక్టరమ్మ చేత రాయించుకుని మాత్ర మొదలుపెట్టింది. తెల్లటి మాత్ర, అరంగుళం కూడా లేదు. రాత్రి భోజనమయ్యాక అరచేతిలో పెట్టుకుని, ఎవరిదో తప్పు తాను ఒప్పుకుంటున్నట్టు మొహం పెట్టి మింగేది.

తొమ్మిదో రోజున పిక్కలు పట్టేశాయి. మెట్లు దిగుతుంటే తొడలు వణికాయి. ఫోనులో చదివిందంతా ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చింది. కండలు కరిగిపోవడం అంటే ఇదేనా? ఆ కాళ్ళతోనే కదా తను బతుకుతోంది! బడి ఆటల పోటీలకి ఇంకా అయిదు వారాలే ఉన్నాయి. ఆ మధ్యాహ్నమే హర్డిల్స్ ఎలా దూకాలో పిల్లలకి పదిసార్లు దూకి చూపించింది కూడా. కానీ ఆ సంగతి ఆమె లెక్కలోకి రాలేదు. మాత్రే కారణమని తీర్మానించేసింది. పదో రోజునుంచి మానేసింది. ఎవరికీ చెప్పలేదు. భర్త "వేసుకున్నావా?" అని అడిగితే "ఊఁ" అనేది. అబద్ధమాడటం అలవాటు లేని మనిషి కావడంతో ఆ "ఊఁ" అన్నప్పుడల్లా లేచి ఏదో ఒకటి సర్దడానికి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

అదే వారంలో మామయ్య ఫోను చేసి, "పిల్లకి కూడా పరీక్ష చేయించు," అన్నాడు. కూతురుకి ఇరవై రెండేళ్ళు. ఇళ్ళ నమూనాలు గీసే ఆఫీసులో చేరి ఆర్నెల్లయింది, నాలుగు వీధుల అవతల స్నేహితురాలితో కలిసి ఉంటోంది. ఆ పిల్ల విసుక్కుంటూనే వెళ్ళి రక్తమిచ్చింది. మూడో రోజు సాయంత్రం కాగితం పట్టుకుని ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

"చెడ్డది నూట తొంభై రెండు," అంది.

ఈల టీచరు కాగితం లాక్కుని ఆ అంకె తనే చదివింది. తన రిపోర్టు చూసినప్పుడు ఇలా కాలేదు. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు కాళ్ళకింద నేల కదిలినట్టయింది.

"రేపే డాక్టరు దగ్గరికి వెళ్దాం. మందు మొదలుపెట్టాలి. ఆలస్యం చెయ్యకూడదు."

"నేను వేసుకోను."

"ఏం మాటలవి? అమ్మమ్మ సంగతి చెప్పాను కదా నీకు!"

"చెప్పావు. చెప్పి నువ్వు మానేశావు." కూతురు గొంతు పెంచలేదు. "మొన్నొచ్చినప్పుడు తలనొప్పి మాత్ర కోసం నీ డ్రాయరు తీశాను. మాత్రల పట్టీలో తొమ్మిదే చిరిగున్నాయి. మొదలుపెట్టి మూడు వారాలైంది. నాన్న అడిగితే ఊఁ అంటున్నావట. అది విషమైతే నాకెందుకు? మందైతే నువ్వెందుకు మానేశావ్?"

లోపలినుంచి భర్త వచ్చి నిలబడ్డాడు. ఆయన చూశాడంతే. ఈల టీచరుకి ఆ చూపుకన్నా ఒక తిట్టు తిట్టినా బావుండుననిపించింది. ఏదో చెప్పబోయింది, కాళ్ళ నొప్పులంది, హర్డిల్స్ దూకానంది, పోటీలంది, మధ్యలో ఆగిపోయింది. గది ఈ గోడనుంచి ఆ గోడకి రెండుసార్లు తిరిగింది.

"భయమేసిందే," అంది చివరికి. "ఈ కాళ్ళు పోతే నేనేమైపోతాను?"

"ఆ మాట డాక్టరుకి చెప్పావా?"

"లేదు."

"ఎందుకని?"

"ఆ పిల్ల ముందు నా కాళ్ళు నొప్పెడుతున్నాయని ఎలా చెప్పమంటావ్? కాళ్ళు నొప్పులన్న పిల్లలందరినీ ఎండలో నిలబెట్టి మరీ పరిగెత్తించాను నేను!"

కూతురికి నవ్వాగలేదు. ఆ నవ్వులోనే కళ్ళు తడయ్యాయి. అప్పుడు చెప్పులు విప్పింది.

మర్నాడు ఇద్దరూ కలిసే వెళ్ళారు. ఈల టీచరు చేతులు కట్టుకుని, మాత్ర ఎగ్గొట్టానని ఒప్పుకుంది. డాక్టరమ్మ పెదవులు బిగించి నవ్వు ఆపుకోవడం ఇద్దరికీ కనబడింది.

"ఉత్తరమైనా రాయించుకు రావాల్సింది టీచర్," అంది. తర్వాత నవ్వు మానేసి అడిగింది, నొప్పి ఎప్పుడు మొదలైంది, రెండు కాళ్ళకీనా, ఆ వారం కొత్తగా ఏం చేశారు. హర్డిల్స్ సంగతి కూతురు చెప్పింది.

"మానేశాక నొప్పి తగ్గిందా?"

"తగ్గింది."

"హర్డిల్స్ కూడా ఆపేశారా అప్పుడే?"

ఈల టీచరు తల దించుకుంది. వర్షాలకి మైదానం తడిసి ఆ వారమంతా ఆటలే లేవు.

"అంటే దేనివల్లో మనకి తెలియదు," అంది డాక్టరమ్మ. "కొందరికి ఈ మాత్రతో నొప్పులు నిజంగానే వస్తాయి, రావని నేననను. రక్తపరీక్ష ఒకటి చేసి చూద్దాం. తర్వాత అదే రకం వేరే మాత్ర, తక్కువ మోతాదుతో మొదలుపెడదాం. హర్డిల్స్ మాత్రం ఆరు వారాలు పిల్లలే దూకుతారు, మీరు చూస్తారు. మళ్ళీ నొప్పి వస్తే ఆ రోజే నాకు ఫోను చెయ్యాలి. మీకు మీరే ఆపెయ్యకూడదు."

"ఇది నాకు పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది? అంకె దిగడం కాదమ్మాయ్ నేనడిగేది. అమ్మలా నేను పోకుండా ఇదే ఆపిందని ఎలా తెలుస్తుంది?"

డాక్టరమ్మ కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుంది. "తెలియదు టీచర్. మీ ఒక్కరి విషయంలో ఎప్పటికీ తెలియదు. వేలమందిని ఏళ్ళ తరబడి చూసి, వేసుకున్నవాళ్ళలో గుండెపోట్లు తగ్గాయని చెప్పగలం. ఆ తగ్గినవాళ్ళలో మీరున్నారో లేదో మీ దగ్గరికొచ్చి ఎవరూ చెప్పరు."

"ఎన్నాళ్ళు?"

"ఉన్నన్నాళ్ళూ."

ఆ జవాబు ఈల టీచరుకి రుచించలేదు. కానీ ఫోనులో అవన్నీ రాసినవాళ్ళెవరూ తెలియదన్న మాట ఒక్కసారైనా అనలేదని మాత్రం ఆమెకి తట్టింది.

కూతురు వంతు వచ్చింది. ఆ పిల్ల డాక్టరమ్మని అరగంట ప్రశ్నలతో కాల్చుకు తింది. ఇప్పుడు మొదలుపెడితే ఏమవుతుంది, అయిదేళ్ళాగితే ఏమవుతుంది, రేపు పిల్లల్ని కనాలనుకుంటే ఏం చెయ్యాలి. బిడ్డ కావాలనుకున్నప్పుడు ముందే చెప్పి ఆపాలని, అప్పటిదాకా వేసుకోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. మొదలుపెట్టడమే మంచిదన్నది తన అభిప్రాయమని, తొందరేం లేదు, ఆలోచించుకోమని కూడా చెప్పింది. తొందరేం లేదన్న మాట వినగానే ఈల టీచరు కుర్చీలోంచి సగం లేచింది. కూతురు ఆమె మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

కొత్త మాత్ర లేత గులాబి రంగులో ఉంది. మొదటి రెండు వారాలూ ఈల టీచరు పొద్దున్న లేవగానే మంచం మీదే పిక్కలు నొక్కి చూసుకునేది. కాస్త లాగినట్టుంటే, ఇది నిజంగా లాగడమా, లాగుతుందేమోనన్న భయమా అని గంటలకొద్దీ తేల్చుకోలేకపోయేది. రెండుసార్లు డాక్టరమ్మకి ఫోను చేసింది. రెండోసారి ఫోను చేసి, "ఏం లేదమ్మాయ్, ఊరికే," అని పెట్టేసింది. పోటీల రోజున హర్డిల్స్ పక్కన నిలబడి ఒక్కొక్క పిల్ల దూకుతుంటే తన మోకాలే పైకి లేచి దిగేది. కానీ దూకలేదు. ఆరు వారాలకి చెడ్డ కొలెస్ట్రాల్ నూట పద్దెనిమిదికి వచ్చింది. లెక్కల టీచరు స్టాఫ్ రూములో చప్పట్లు కొట్టించింది. నూనె సీసా సగం గౌరవంతో వంటింట్లోకి తిరిగొచ్చింది, భర్త దాన్ని చూసి దండం పెట్టాడు.

కానీ ఆ అంకె చూశాక కూడా మనసు కుదుటపడలేదు. ఇప్పుడు బెంగ తన గురించి కాదు. కూతురు నెల దాటినా ఏమీ తేల్చలేదు. అడగకూడదని ఈల టీచరు గట్టిగా అనుకుంది. తను మూడు నెలలు గడువడిగి, మరో రెండు వారాలు అబద్ధమాడిన మనిషి. ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? ఫోను చేసినప్పుడల్లా వాన గురించీ, ఆఫీసు గురించీ, స్నేహితురాలి పిల్లి గురించీ మాట్లాడి, పెట్టేశాక నాలుక కరుచుకుని వీధి చివరిదాకా నడిచొచ్చేది. ఒకరోజు కూతురి గది ముందుదాకా వెళ్ళి, తలుపు కొట్టకుండా తిరిగొచ్చింది. మామయ్యకి ఫోను చేసి బాధపడితే ఆయన, "మీ అమ్మకి ఈ గొడవ పడే అవకాశం కూడా రాలేదే," అన్నాడు. ఆ మాట ఆమెకి ఓదార్పుగా అనిపించలేదు, కానీ రెండురోజులు చెవిలోనే ఉండిపోయింది.

ఒక గురువారం మధ్యాహ్నం, మైదానంలో గీతలకి సున్నం వేయిస్తుంటే ఫోను మోగింది.

"అమ్మా, నేను మొదలుపెట్టాను. ఎనిమిది రోజులైంది."

ఈల టీచరు పక్కకి వెళ్ళి గోడకి ఆనుకుంది. "చెప్పలేదేం?"

"చెప్తే రోజూ అడుగుతావని."

"అడగను."

"అడుగుతావు."

"కాళ్ళేమైనా..."

"చూశావా, అడిగేశావు! ఏం లేవు. ఉంటే నేనే చెప్తాను. నీలా దాచుకోను."

ఈల టీచరు సరేనంది. ఫోను జేబులో పెట్టుకుని సున్నపు గీత దగ్గరికి వచ్చింది. గీత వంకరపోయి ఉంటే చెరిపించి మళ్ళీ వేయించింది. మర్నాడు పొద్దున ఏడింటికే ఫోను చేసి, వేసుకున్నావా అని అడిగింది.